కోట గోడ దాటిన చాందా, ఇళ్ల దలాలీ

గోండు రాజుల రాతి కోటలో ఒదిగిన చాందా, అంటే మహారాష్ట్రలోని నేటి చంద్రపూర్, బొగ్గు గనులతో గోడ దాటింది. గనుల్లో, పక్కనున్న బల్లార్పూర్ కాగితం మిల్లులో పనికి తెలుగువాళ్లూ చేరారు. 1980లలో థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. ఊరు పెరిగితే ఇళ్ల బేరాలూ, మధ్యలో దలాలీ తప్పవు కదా!

ఆ దలాలీకి చట్టం రేటు కట్టలేదు. వాడుకలో కొనేవారూ అమ్మేవారూ చెరో ఒకటి, రెండు శాతం ఇస్తారు. 40 లక్షల ఇంటికి ఒక శాతమంటే 40 వేలు. అందులోనూ బేరమే. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యాకే ఏజెంటుకు ప్రతిఫలమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెప్పింది.

2017లో స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా పూర్తిగా అమల్లోకి వచ్చింది. నమోదైన ప్రాజెక్టుల్లో ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటూ రాష్ట్ర నియంత్రణ సంస్థ మహారెరాలో నమోదు కావాలి. లేకుంటే రోజుకు 10 వేల జరిమానా. 2023లో ఏజెంట్లకు పరీక్ష కూడా పెట్టారు. చేతులు మారే పాత ఇళ్ల దలాలీ మాత్రం రెరా పరిధిలోకి రాలేదు.