కంబళి, పట్టు: ధర్మవరం సీమ యాత్రికుల బట్టల మూట

నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకోగా, ఈశాన్య మేఘాలు తూర్పు తీరం మీదనే కురిసి ఇక్కడికి వచ్చేసరికి తేలిపోవడం వల్ల, అనంతపురం సీమ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకోవలసిన వానచాటు ప్రాంతమైంది. చిత్రావతి ఒడ్డున ఉన్న ధర్మవరంలోనూ, దానికి దక్షిణాన పెనుకొండ, హిందూపురాలలోనూ కార్తికమంటే వాన వెనుకబట్టి చలి తలెత్తే కాలం. ఇక్కడివారు యాత్రకు వెళ్లే రామేశ్వరంలో మాత్రం అదే కార్తికంలో వానలు ముమ్మరంగా ఉంటాయి. పొడినేల నుంచి తడినేలకు దిగిపోయే యాత్రికుడు ఎండ, చలి, వాన, ఉప్పుగాలి అనే నాలుగింటికీ ఒకే మూటతో సిద్ధపడవలసి వచ్చేది. ఏనుగుల వీరాస్వామయ్య వంటి సంపన్నుడు 1830లో కాశీయాత్రకు బయలుదేరినప్పుడు డేరాలనూ పరివారాన్నీ వెంటబెట్టుకోగలిగాడు గాని, కాలినడకనో ఎద్దుబండి మీదనో వెళ్లే సామాన్యుడికి ఆ వసతి లేదు. అతని అవసరాన్ని ఈ సీమలోనే నేసిన రెండు బట్టలు, కంబళి, పట్టు, చాలావరకు తీర్చాయి.

కంబళి గొర్రెల కాపరులైన కురుబల నేత. దక్కను జాతి గొర్రెల ముతక నల్లబొచ్చును ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఏకి, ఆడవాళ్లు నూలుగా వడికితే మగవాళ్లు మగ్గం మీద నేసేవారు. ఈ పనిలో అసలు నేర్పంతా పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగులకు, గంజి పట్టించడంలో ఉంది. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, దంచి, ఉడికించిన చిక్కటి గంజిని కుంచెతో పోగు పోగుకూ అందేలా పూస్తే, పోగులు బిరుసెక్కి, రేగిన నూగు అణిగి, నేత దట్టంగా వస్తుంది. ఉన్నికి తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకొన్నా ఒంటికి తడి తెలియనీయని గుణం ఉంది కనుక, జల్లుపడినప్పుడు కంబళి ఒక మూలను లోపలికి మడిచి నెత్తిన ముసుగుగా వేసుకొన్న మనిషి తడవకుండా చాలా దూరం నడవగలిగేవాడు. అదే బట్ట రాత్రి సత్రం అరుగు మీద పక్క, తెల్లవారుజామున దుప్పటి, పగలు మూట కట్టే గుడ్డ కూడా అయ్యేది.

పట్టుకు వేరే పని ఉండేది. మడి, అంటే పూజకూ వంటకూ పాటించే ఆచారశుద్ధి, నూలుబట్టను రోజూ తడిపి, ఎవరూ తాకకుండా ఆరబెట్టి కట్టుకోవాలని కోరుతుంది. ధర్మవరం ఎండలో గడియలో ఆరే పంచె తీరప్రాంతపు ముసురులో మరునాటికైనా ఆరదు. పట్టుబట్టకూ, ధావళి అని పిలిచే ఉన్ని మడిబట్టకూ ఈ నిత్యస్నానం నుంచి ఆచారమే మినహాయింపు ఇచ్చింది. రామేశ్వరంలో సముద్రస్నానం చేసి, ఆలయంలోని 22 తీర్థాలలో తడిసి, పొడిబట్టతో దర్శనానికి వెళ్లవలసిన యాత్రికుడికి ఆ మినహాయింపు విలువ వెంటనే తెలిసివచ్చేది. ధర్మవరం పట్టును పెళ్లి చీరలతోనూ, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన లేపాక్షి గుడి పైకప్పు చిత్రాలలోని అంచులతోనూ ముడిపెట్టి చెప్పడం న్యాయమే. కానీ ప్రయాణంలో పట్టు చేసిన ఈ నిత్యోపకారాన్ని చరిత్రకారులు పట్టించుకోకపోవడం లోపమే.

1890ల తొలినాళ్లలో గుంతకల్లు–బెంగళూరు మార్గం, పాకాల మార్గం కలిసి ధర్మవరాన్ని జంక్షన్‌గా మార్చాయి. 1914లో పాంబన్ వంతెన తెరవడంతో, అంతవరకు పడవ మీద దాటవలసిన రామేశ్వర ద్వీపం దాకా రైలులోనే వెళ్లే వీలు కలిగింది. నెలల నడక రోజులకు తగ్గింది, వానలో నడిచే అవసరం పోయింది, మూట స్థానంలోకి ట్రంకుపెట్టె, పరుపుచుట్ట వచ్చాయి. కంబళి మూడో తరగతి చెక్కబల్ల మీద పరుపుగా కొంతకాలం నిలిచి, మరయంత్రపు దుప్పట్లూ గొడుగులూ చౌకయ్యాక ఇంటి మూలకు చేరింది.

ఆ తరువాత మాంసానికి గిరాకీ పెరిగి, మందలలో బొచ్చు తక్కువగా ఉండే నెల్లూరు జాతి గొర్రెలు చేరాయి. నల్ల ఉన్నికి ధర లేక, కత్తిరింపు కూలి కూడా రాక, కాపరులు దాన్ని పారవేసే స్థితి వచ్చింది. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది, మార్కెట్టు ఉంది, ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. అదే సీమలో పుట్టి, అదే యాత్రికుడి భుజం మీద నడిచిన కంబళికి అటువంటి ఆదరవు అందలేదు. చింతగింజల గంజి పట్టించడం తెలిసిన వృద్ధ కురుబలు ఉండగానే ఆ పనిని మగ్గం దగ్గర నిలబడి చూసి, చిత్రించి, రాసిపెట్టే బాధ్యతను జిల్లా విశ్వవిద్యాలయాలూ చేనేత శాఖా తీసుకోవాలి.