సముద్రం లేని సీమలో నీటి విహారం

కోలారు జిల్లా తూర్పు కొసన, పాలారు నదికి అడ్డంగా కట్టిన పెద్ద చెరువు పక్కన వెలసిన బేతమంగళ, సముద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అయినప్పటికీ నీళ్లను, నీళ్లలో బతికే జీవాలను చూడటానికి ఒక రోజు తీరిక చేసుకుని ఇంటిల్లిపాదీ బయలుదేరే అలవాటు ఈ ప్రాంతంలో చాలా పాతది. సముద్రజీవుల వినోదవనాలుగా నేడు పేరుపడిన చోట్లకు ఈ సీమ జనం ఎందుకు పోతున్నారో తెలియాలంటే చరిత్రను చెరువుకట్ట దగ్గరే మొదలుపెట్టాలి.

శాసనాల్లో విజయాదిత్యమంగళంగా కనిపించే ఈ ఊరి చెరువు పదో శతాబ్దం నాటికే పాతబడి, కట్ట తెగి, నొళంబ పాలకుల కాలంలో ఒకసారి, హొయసళుల కాలంలో మరొకసారి మరమ్మతుకు నోచుకుంది. వాన కోసం ఆకాశం వంక చూసే మెట్టసీమలో చెరువు నిండటమే పండగ. కట్ట మీద గంగమ్మకు పసుపు కుంకుమలు పెట్టి, పొంగళ్లు వండుకుని, అలుగు పారుతున్న చోట నీటికి ఎదురెక్కే చేపలను పిల్లలకు చూపించి, పొద్దువాలేసరికి ఇల్లు చేరడం ఈ పల్లెలకు తెలిసిన తొలి నీటి విహారం. కట్ట తెగకుండా మిగులు నీటిని బయటికి వదిలే రాతి దారే అలుగు. ఈ పక్క పల్లెల్లో దాన్ని మరవ అనీ, కన్నడ ప్రభావంతో కోడి అనీ అంటారు. భక్తికీ వేడుకకూ నడుమ గీత గీయని ఆ విహారంలో టికెట్టు లేదు, జీవాలను బంధించడమూ లేదు.

ఈ అలవాటుకు కొత్త రూపం ఇచ్చినవి బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ కోలారు గనుల్లో అడుగుపెట్టాక, నూరిన ఖనిజాన్ని సయనైడ్ ద్రావణంలో కరిగించి బంగారాన్ని వేరుచేసే పద్ధతికీ, వేల కుటుంబాల తాగుడుకూ నీరు ఎంతో అవసరమైంది. 1902లో శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చిన రోజులకు కాస్త అటూ ఇటూగా, బేతమంగళ చెరువు నీటిని వడకట్టి పంపులతో గనుల పట్టణానికి ఎక్కించే వాటర్ వర్క్స్ కూడా ఏర్పడింది. దాని చుట్టూ పెంచిన చెట్లు, కట్ట మీది గాలి, ఎదుట పరుచుకున్న నీళ్లు ఆ చోటును షికారు స్థలంగా మార్చాయి. యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు పడవ షికారుకు వస్తే, తమిళ, తెలుగు, కన్నడ కార్మికుల కుటుంబాలు చిత్రాన్నం, పెరుగన్నం మూటలు కట్టుకుని సెలవు రోజున వచ్చేవి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిందనీ, ఆ లోతున రాతి వేడి 60 డిగ్రీలు దాటేదనీ గుర్తు పెట్టుకుంటేనే, వారమంతా భూమి కింద ఉక్కలో మగ్గిన మనిషికి చెరువు ఒడ్డున గడిపే ఒక పూట ఎంత అవసరమో తెలుస్తుంది. కార్మిక చరిత్రలు సమ్మెలకూ ప్రమాదాలకూ ఇచ్చిన చోటు ఈ విరామానికి ఇవ్వకపోవడం నిజంగా లోటే.

చెరువులో కొరమీను, జెల్ల కనిపిస్తాయి గాని సముద్రజీవులు కనిపించవు. బౌరింగ్‌పేట, అంటే నేటి బంగారుపేట, మద్రాసు రైలు మార్గం మీదే ఉండటంతోనూ, 1894లో అక్కడి నుంచి గనులకు శాఖామార్గం పడటంతోనూ ఈ ప్రాంతానికి అందుబాటులోకి వచ్చిన సముద్రం మద్రాసుదే. ఆ నగరపు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ కాలంలో తలపెట్టిన సముద్రపు అక్వేరియం 1909లో మెరీనా తీరాన తెరుచుకుంది. అక్వేరియం అంటే జలజీవులను అద్దాల తొట్లలో పెంచి చూపే శాల. మన దేశంలో ప్రజల కోసం కట్టినవాటిలో ఇదే మొదటిది. 1919లో మత్స్యశాఖ చేతికి వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధంలో జపాను దాడి భయం నగరాన్ని కమ్మిన 1942లో అది మూతపడింది. మంచినీటి చేపల వరకైతే 1983లో బెంగళూరు కబ్బన్ పార్కులో తెరిచిన ప్రభుత్వ అక్వేరియం కోలారు వారికి ఇంకా దగ్గర.

అద్దాల తొట్టికీ వినోదవనానికీ మధ్య తేడా పరిమాణంలోనే లేదు, ఉద్దేశంలోనూ ఉంది. 1938లో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన మెరీన్ స్టూడియోస్ పేరుతో వెలసిన కొలను నీటి అడుగు దృశ్యాలను సినిమాలకు చిత్రించడానికి కట్టినది. చూడవచ్చిన జనం వల్లా, డాల్ఫిన్లకు ఆటలు నేర్పించడం వల్లా అది ప్రదర్శనశాల అయింది. 1964లో శాన్ డియేగోలో మొదలైన సీ వరల్డ్ ఆ ప్రదర్శనను భారీ వ్యాపారంగా పెంచింది. డాల్ఫిన్ చేప కాదు, గాలి పీల్చి పిల్లలకు పాలిచ్చే జీవి. తాను చేసిన శబ్దం ఎదుటి వస్తువును తాకి తిరిగి వచ్చే తీరునుబట్టి దారినీ ఆహారాన్నీ గుర్తుపడుతుంది. సముద్రంలో రోజుకు పదుల కిలోమీటర్లు ఈదే ఇలాంటి జీవికి నాలుగు కాంక్రీటు గోడలు ఎంత శిక్షో వేరే చెప్పనక్కరలేదు.

ఆ శిక్ష 1998లో మహాబలిపురం దారిలోని డాల్ఫిన్ సిటీ అనే వినోదస్థలంలో తెలుగువారికీ తమిళులకూ పొరుగునే కనిపించింది. బల్గేరియా నుంచి తెప్పించిన డాల్ఫిన్లు కొద్ది నెలల్లోనే చనిపోయాయి. ఆ తర్వాత కూడా కొచ్చి వంటి చోట్ల డాల్ఫినేరియాలకు, అంటే డాల్ఫిన్ల ప్రదర్శన కొలనులకు, ప్రతిపాదనలు వచ్చాయి. 2013 మే నెలలో కేంద్ర ప్రభుత్వం అలాంటి వాటికి అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలకు రాస్తూ, డాల్ఫిన్ల వంటి తెలివైన, సున్నితమైన జీవులను వినోదానికి బంధించడం నైతికంగా తగదని పేర్కొంది. గంగానది డాల్ఫిన్‌ను జాతీయ జలచరంగా గుర్తించిన దేశానికి ఇది తగిన నిర్ణయం, కాస్త ఆలస్యంగా వచ్చినా.

నేడు బేతమంగళ నుంచి వి.కోట, పేర్ణాంబట్టు, వేలూరు మీదుగా చెన్నై చేరే కుటుంబానికి ఎదురయ్యేది మరో తరహా స్థలం. 2019లో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద తెరిచిన వీజీపీ మెరైన్ కింగ్‌డమ్‌లో డాల్ఫిన్ ఆటలు లేవు. అద్దంలా కనిపించే దళసరి యాక్రిలిక్ సొరంగం గుండా సందర్శకులు నడుస్తుంటే చేపలు తలల మీదుగా ఈదిపోతాయి. ఇలాంటి చోట కంటికి కనిపించని పని ఎక్కువ. చేపల విసర్జనలోని అమ్మోనియా విషమై వాటినే చంపుతుంది కనుక, వడపోత గదుల్లో పెరిగే సూక్ష్మజీవులు దాన్ని మొదట నైట్రైటుగా, తర్వాత అంత హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు నిలిచేలా, వేడి హెచ్చుతగ్గులు కాకుండా సిబ్బంది కనిపెడుతుంటారు. కరెంటు పోయి పంపులు ఆగితే నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది గనుక, జనరేటరు సిద్ధంగా లేని రోజున తలుపులు తెరవడానికి వీలుండదు.