కథ స్క్రీన్‌ప్లే దర్శకత్వం అప్పలరాజు

రాంగోపాల్ వర్మ దర్శకత్వంలో 2011 ఫిబ్రవరి 18న విడుదలైన తెలుగు హాస్య చిత్రం. తెర మీద దర్శకుడి పేరు పడే వరసనే పేరుగా పెట్టుకున్న ఈ సినిమాకు, సినిమా తీయడంలోని అగచాట్లే కథావస్తువు. ‘మర్యాద రామన్న’ (2010)తో కథానాయకుడిగా నిలదొక్కుకున్న సునీల్ ఇందులో అప్పలరాజు. స్వాతి మరో ముఖ్యపాత్ర.

అమలాపురం కుర్రాడు అప్పలరాజు ‘నాయకి’ అనే విషాదకథ రాసుకుని హైదరాబాద్ చేరతాడు. అక్కడ నిర్మాత ఒక మాటంటాడు, హీరో ఇంకో మాటంటాడు. ఎవరి అహం వారిది, ఎవరి సలహా వారిది. బ్రహ్మానందం వేసిన శ్రీశైలం అన్న పాత్ర ఈ గందరగోళానికి తోడు. చివరికి ఏడిపించాల్సిన కథ నవ్వించే సినిమాగా మారుతుంది. గొడవంతా అరుపులతోనే నడిచినా, పరిశ్రమ లోపలి మనిషి పరిశ్రమ మీద విసిరిన వ్యంగ్యం కాబట్టి దీనికి విలువ ఉంది.

అప్పలరాజుది అమలాపురం గానీ, ఆ సినిమా పిచ్చి ఏ ఊరి సొత్తూ కాదు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న కాలంలో తెనాలి, బాపట్ల కుర్రాళ్లకు మద్రాసు రైలు ఊళ్లోనే దొరికేది. రేపల్లె వాళ్లు మాత్రం తెనాలి వచ్చి బండి మారాలి. విజయా సంస్థ భాగస్వామి చక్రపాణి, నటి శారద తెనాలి వారే. నటుడు కృష్ణది పక్కనే ఉన్న బుర్రిపాలెం.