చైత్రంలో విత్తన పూజ: గూడెం కొండల ఇటుకల పండుగ

చైత్ర శుద్ధ పాడ్యమి నాడు మన దేవాలయాలలో పంచాంగ శ్రవణం జరుగుతుంది. నవమి నాడు చలువ పందిళ్ల క్రింద సీతారామ కళ్యాణం, పానకం, వడపప్పు వితరణ. ఆపైన వైశాఖం ముగిసేవరకు ఏదో ఒక ఊరిలో అమ్మవారి జాతర. గ్రీష్మకాలోత్సవాలు అనగానే మైదాన వాసులమైన మన మనస్సులో మెదిలేవి ఇవే. అదే చైత్రంలో నర్సీపట్నం నుంచి లంబసింగి కొండ ఎక్కి, చింతపల్లి దాటి గూడెం కొత్తవీధి వైపు సాగితే మరొక ఉత్సవం దర్శనమిస్తుంది. దాని పేరు ఇటుకల పండుగ. పంచాంగంలో దానికి తిథి నిర్దేశం లేదు. ఏ ఊరి పండుగను ఆ ఊరివారే, తమ దిసారి చెప్పిన రోజున ఆరంభిస్తారు.

ఈ పండుగతో నా తొలి పరిచయం అంత గౌరవప్రదమైనది కాదు. సుమారు ఇరవై సంవత్సరాల క్రితం కొత్తవీధి సమీపంలోని ఒక గ్రామంలో శ్రీరామ కళ్యాణం జరిపించడానికి జీపులో బయలుదేరాను. లంబసింగి దగ్గర కొందరు స్త్రీలు దారికి అడ్డంగా వెదురు గడ కట్టి వాహనాన్ని ఆపారు. పాటలు పాడుతూ, నవ్వుతూ, "పంతులుగారూ, పండగ డబ్బులిచ్చి కదలండి" అన్నారు. ముహూర్తం మించిపోతుందన్న ఆత్రంలో నేను పరుషంగా మాట్లాడాను. పట్టపగలు దారికాచి వసూలు చేయడం ఏమి పండుగ అన్నాను. వారి నవ్వు ఆగిపోయింది. డ్రైవరు ఏవో చిల్లర నాణేలిచ్చాడు. గడ పైకి లేచింది.

కళ్యాణం ముగిసిన తరువాత ఆ ఊరి పెద్ద ఒకాయన నా ఎదుట కూర్చుని నెమ్మదిగా అన్నాడు: "అయ్యగారూ, ఇందాక రాములవారి పెళ్లికి మీరు కట్నాలు చదివించారు కదా. మా ఆడవాళ్లు అడిగిందీ అదే. మా పండక్కి కట్నం." నేను నిరుత్తరుణ్ణయ్యాను. ఆ మాట నన్ను గ్రంథాల దగ్గరకు, చరిత్ర దగ్గరకు మళ్లీ పంపింది.

ముందు పండుగ స్వరూపం తెలుసుకుందాం. బగత, కొండదొర, కొండకమ్మర, వాల్మీకి, కోదు మొదలైన జాతులవారు నివసించే ఈ కొండలలో ఇటుకల పండుగ ప్రధానంగా విత్తనాల పండుగ. తొలకరికి ముందు ప్రతి ఇంటి నుంచి సామలు, చోళ్లు, కందులు, వడ్లు వంటి విత్తనాలు కొద్దికొద్దిగా తెచ్చి గ్రామదేవత సన్నిధిలో ఉంచుతారు. ఊరి పూజారి పూజ చేస్తాడు. పూజ పొందిన విత్తనాలను తిరిగి ఇంటింటికీ పంచుతారు. వాటిని తమ విత్తనాలలో కలిపిన పిదపనే నేల మీద చల్లుతారు. పండుగ దినాలలో పురుషులు వేటకు వెళ్లడం ఆచారం. వట్టి చేతులతో తిరిగివచ్చినవారిని స్త్రీలు ఆటపట్టిస్తారు. ఊయలలు కడతారు. మోరి, కిరిడి, తుడుం, డప్పు, జోడుకొమ్ములు మ్రోగుతుండగా ఒకరి నడుము చుట్టూ మరొకరు చేతులు పెనవేసి థింసా ఆడతారు. దారిలో వెదురు గడ కట్టడం కూడా ఈ పండుగలోని స్త్రీల భాగమే.

'పండుగ' అనే మాటను 'పండు' ధాతువుతో అన్వయించి చెప్పడం మనకు అలవాటు. పంట పండిన తరువాత చేసే సంబరం అని దాని భావం. ఇటుకల పండుగ మాత్రం గింజ ఇంకా మట్టిలో పడకముందే జరుగుతుంది. వాన వస్తుందో రాదో తెలియదు. తెలియని ఆ స్థితిలో ఊరంతా విత్తనాన్ని ఒకచోట చేర్చి, మళ్లీ పంచుకుంటుంది. ధనికుని గింజ, దరిద్రుని గింజ ఒకే పూజను పొందుతాయి. ఈ ఒక్క క్రియలోనే పండుగ సారమంతా నిక్షిప్తమై ఉన్నదని నా అభిప్రాయం.

ఇటువంటి ప్రాంతీయోత్సవాలను శాస్త్రం ఎట్లా చూసింది? మీమాంసా దర్శనం ప్రథమాధ్యాయం తృతీయపాదంలో హోలాకాధికరణం ఉంది. హోలాక వసంతోత్సవం, దానిని ప్రాచ్యులు ఆచరిస్తారు. ఆహ్నీనైబుకం దాక్షిణాత్యులది, ఉద్వృషభయజ్ఞం ఉదీచ్యులది. ఈ ఆచారాలకు మూలంగా ఒక శ్రుతిని ఊహించవలసి వచ్చినప్పుడు, ఆ శ్రుతి ఆయా దేశవాసులకే పరిమితమా, సర్వులకూ చెందుతుందా అని సంశయం. సర్వసాధారణమనే సిద్ధాంతం. దేశం మారినంత మాత్రాన మనిషి తన ఆచారాన్ని విడువడు కనుక దేశమే అధికారానికి నిర్ణాయకం కాజాలదని యుక్తి.

ఈ సిద్ధాంతాన్ని తెచ్చి ఇటుకల పండుగను మైదానంలో కూడా చేయాలని నేను అనడం లేదు. గమనించవలసినది మరొకటి. జైమిని, శబరస్వామి వంటి మహామేధావులు ఒక ప్రాంతపు జనుల వసంతోత్సవాన్ని తుచ్ఛమని తోసివేయలేదు. దానిని ప్రమాణ విచారానికి అర్హమైన విషయంగా స్వీకరించారు. ఆపస్తంబ ధర్మసూత్రం ముగింపులో, చెప్పగా మిగిలిన ధర్మాలను స్త్రీల నుంచి, సర్వ వర్ణాల నుంచి గ్రహించాలని కొందరి మతంగా ఉదాహరించబడింది. ఆంధ్రదేశంలో అత్యధికులం ఆపస్తంబ సూత్రులమే. ఆ సూత్రాన్ని వల్లించిన నేనే ఆనాడు దారిలో స్త్రీల మాట వినలేకపోయాను.

సాదృశ్యాలు కూడా ఉన్నాయి. ఋగ్వేదం నాలుగవ మండలంలోని క్షేత్రపతి సూక్తం నాగలిని, చాలును, క్షేత్రాధిదేవతను స్తుతిస్తుంది. పారస్కర గృహ్యసూత్రం సీతాయజ్ఞాన్ని విధించింది; అక్కడ సీత అంటే నాగటి చాలు. శ్రౌతంలో ఆగ్రయణేష్టి ఉంది. కొత్త ధాన్యాన్ని దేవతలకు అర్పించకుండా భుజించరాదని నియమం. అందులో వర్షర్తువునందు శ్యామాక చరువును సోమునికి సమర్పిస్తారు. శ్యామాకమంటే చామలు. ఈనాడు మైదానంలో ఆ ధాన్యం కంటికి కనిపించడమే అరుదు. కొండమీద అది ఇంకా నిత్యాహారంలో ఉంది. కొత్త పంటను, కొత్త మామిడిని పూజ కాకుండా ముట్టని నియమం అక్కడా ఉన్నది. అయితే దీనిని చూసి 'ఇది మన నుంచి వారు నేర్చుకున్నది' అనడం సాహసం. విత్తు, వాన, ఆకలి ఉన్న ప్రతిచోటా మానవుడు ఈ వినయాన్ని స్వయంగా అభ్యసించగలడు. సాదృశ్యం ఆధిపత్యానికి హేతువు కాదు.

ఈ పండుగ వెనుక కష్టచరిత్ర ఉంది. పూర్వం ఈ కొండలు ముఠాలుగా విభజింపబడి ముఠాదారుల ఆధీనంలో, గొలుగొండ జమీందారీ క్రింద ఉండేవి. ఆ జమీందారీ కుంపిణీ హస్తగతమైన తరువాత 1845-48 మధ్య ముఠాదారులు తిరగబడ్డారు. 1879లో రంపలో పుట్టిన పితూరీ గూడెం కొండలకూ వ్యాపించింది. కల్లుపై విధించిన చిగురుపన్ను దాని కారణాలలో ఒకటి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో పోడు, వేట, కలప సేకరణ నిర్బంధాలకు లోనయ్యాయి. 1886లో గూడెంలో మరొక పితూరీ జరిగింది.

ఈ సంవత్సరాలను పండుగతో కలిపి చదవండి. పోడు లేకపోతే విత్తనం చల్లే నేల ఏది? వేట నేరమైతే పండుగలో పురుషుని పాత్ర ఏమిటి? కల్లుపై పన్ను పడితే దేవతకు ఏమి ఆరబోయాలి? చట్టం పండుగను నిషేధించలేదు. పండుగకు ఆధారమైన ప్రతి పనినీ ఒక్కొక్కటిగా అపరాధంగా మార్చింది. పితూరీలను పన్నుల గణితంతో మాత్రమే వివరించేవారు ఈ అంశాన్ని విస్మరిస్తారు.

1922 నాటికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రహదారి వేయిస్తూ కొండవారిచేత దాదాపు వెట్టిగా పని చేయించాడు. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై, 23న కృష్ణదేవిపేటపై, 24న రాజవొమ్మంగిపై దాడి చేశాడు. గాము గంటం దొర, మల్లు దొర సోదరులు ఆయన పక్షాన నిలిచారు. సెప్టెంబరు 24న దామనపల్లి వద్ద ఇద్దరు ఆంగ్ల సైనికాధికారులు నిహతులయ్యారు. 1924 మే 7న, నడివేసవిలో, రాజు కొయ్యూరు వద్ద ప్రాణాలర్పించాడు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. ఆయన పేరుతో ప్రత్యేక జిల్లా 2022 ఏప్రిల్ 4న, శుభకృత్ నామ సంవత్సర చైత్రంలోనే, పాడేరు కేంద్రంగా ఏర్పడింది.

నేను జీపులో వెళ్లినది ఆ రహదారి మీదనే. ఆ స్త్రీల తాతముత్తాతల కాలంలో కొండవారి చెమటతో వేసిన దారి అది. సంవత్సరానికి కొన్ని రోజులు దాని మీద వెదురు గడ నిలిపి నాలుగు నాణేలు అడిగితే, ముహూర్తం పేరుతో కోపగించినవాణ్ణి నేను.

నేడు పాడేరులో మే నెలలో మూడు రోజుల పాటు జరిగే మోదకొండమ్మ జాతరకు మైదానం నుంచి కూడా భక్తులు తండోపతండాలుగా వస్తారు. ధారకొండ నుంచి సీలేరు వెళ్లే దారిలోని ధారాలమ్మకు మ్రొక్కనిదే వాహనచోదకులు ముందుకు సాగరు. ఇవి పెద్ద ఉత్సవాలు. వాటికి చ్యుతి లేదు. నా చింత చిన్న ఊళ్ల ఇటుకల పండుగ గురించే. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన 1972 తరువాత వేటకు చోటు తగ్గింది. అది ప్రాణిరక్షణకు అవసరమే, కాదనను. అటవీ హక్కుల చట్టం 2006లో సాగుభూమిపై హక్కును కొంత గుర్తించింది. కానీ కాఫీ తోటలు విస్తరించిన చోట ఏటా విత్తు చల్లే పనే ఉండదు. దుకాణంలో కొన్న సంచి విత్తనాలను మరుసటి ఏటికి దాచడం సాధ్యం కాకపోవచ్చు. దేవత ముందు ఉంచడానికి తన ఇంటి గింజ లేనప్పుడు పండుగలో మిగిలేది నృత్యం, సంగీతం మాత్రమే. అవి వేదికల మీదకు ఎక్కుతాయి, కరతాళ ధ్వనులు పొందుతాయి. విత్తనాల పంపకానికి వేదిక ఉండదు.

అర్చక వృత్తిలో ఉన్న తోటివారికి ఒక విజ్ఞాపన. కొండమీద కళ్యాణాలకు, ప్రతిష్ఠలకు మనలను పిలుస్తున్నారు, వెళ్దాం. అక్కడి దేవతకు సంస్కృత నామం తగిలించే తొందర వద్దు. దిసారి నిర్ణయించిన రోజును మన పంచాంగంతో దిద్దవద్దు. వీలైతే ఆ రోజున ఒక ప్రక్కన కూర్చుని చూద్దాం.

మరుసటి చైత్రంలో నేను మళ్లీ ఆ దారిన వెళ్లాను. గడ కనిపించగానే జీపు ఆపించి దిగాను. తాంబూలంలో దక్షిణ పెట్టి ఇచ్చాను. వారిలో ఒక ముసలమ్మ దోసెడు సామలు నా ఉత్తరీయంలో పోసింది. ఆ ఏటి నవమి నాడు స్వామికి చేసిన చరువులో అవి కూడా కలిశాయి.

స్వస్తి.