జాబితాకెక్కిన జనం, లెక్కకు రాని భాష: తెలుగు నేలపై సుగాలీలు

తుళ్లూరు నుంచి పడమరగా అమరావతి, క్రోసూరు దాటి పల్నాడు వైపు వెళ్లేకొద్దీ పత్తి, మిరప పండే నల్లరేగడి పలచబడి రాతినేల మొదలవుతుంది. పూర్వపు గుంటూరు జిల్లాలోని సుగాలీ తండాలు అధికభాగం బొల్లాపల్లి, వెల్దుర్తి, మాచర్ల వంటి ఈ మెట్టప్రాంత మండలాల్లోనే ఉన్నాయి. ఇక్కడ సుగాలీలుగా, తెలంగాణలో లంబాడీలుగా, మరికొన్ని చోట్ల బంజారాలుగా పిలువబడే ఈ ప్రజలు తమను తాము 'గోర్' అని చెప్పుకుంటారు.

వీరి పూర్వ వృత్తి పెరికెద్దులపై సరుకు రవాణా. మొగలు సైన్యాలకు ధాన్యం చేరవేసినవారు వీరే. 1790-92 మైసూరు యుద్ధంలో కారన్‌వాలిస్ సేనలు సైతం వీరి ఎడ్లమందలపై ఆధారపడ్డాయి. కోస్తా ఉప్పు పై నేలలకు, అక్కడి ధాన్యం తీరానికి ఈ మందలతోనే చేరేవి. రైలుమార్గాలు పడిన తరువాత ఆ వృత్తి నిలువలేదు. అడవి అంచుల బంజరులో పశువుల మేపు, మెట్టసేద్యం, కూలిపని మిగిలాయి. సంచార జీవనాన్నే నేరంగా అనుమానించిన 1871 నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఎరుకలు మొదలైన సంచార సమూహాల వలెనే వీరిపైనా ఆ అనుమానపు నీడ చాలాకాలం ఉండిపోయింది.

జనాభా విషయానికి వస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల సంఖ్య 1971లో సుమారు 16.6 లక్షలు, అనగా మొత్తం జనాభాలో 3.81 శాతం. 1981 నాటికి అది సుమారు 31.8 లక్షలకు, 5.93 శాతానికి చేరింది. పదేళ్లలో దాదాపు రెట్టింపు! ఏ సమాజంలోనూ జననాల వల్ల ఇంత పెరుగుదల సాధ్యం కాదు. దీని ప్రధాన కారణం చట్టంలో ఉంది. ఆంధ్ర ప్రాంతపు సుగాలీలు 1956 నాటికే షెడ్యూల్డు తెగల జాబితాలో ఉండగా, తెలంగాణ లంబాడీలకు 1976 సవరణ చట్టం వరకు ఆ స్థానం దక్కలేదు. ఒకే గోత్రానికి చెందిన కుటుంబాలు కృష్ణకు ఈ ఒడ్డున గిరిజనులు, ఆ ఒడ్డున కారు. 2001 నాటికి రాష్ట్రంలో వీరి సంఖ్య 20,77,947. అది మొత్తం గిరిజన జనాభాలో 41 శాతం.

లంబాడీలకు గిరిజన హోదా లేని మహారాష్ట్ర నుంచి, కర్ణాటక నుంచి వలసలు సాగాయన్న వాదన ఉన్నది. 2017లో ఆదిలాబాదు ఆదివాసులు లేవనెత్తిన ఆందోళనకు ఇదొక ఆధారం. ఉద్యోగాలలో, చదువులలో తమ వాటా తరిగిందన్న గోండుల, కోయల ఆవేదనను తోసిపుచ్చడం న్యాయం కాదు. అయితే 1981 అంకెను వలసకు రుజువుగా చూపడం లెక్కలో పొరపాటు. అంతకుముందూ ఆ జనం అక్కడే ఉన్నారు, పట్టికలోని వేరొక గడిలో.

జాబితాకెక్కిన మాత్రాన మెట్టతండాల బతుకు పెద్దగా మారలేదు. మిరపకోతల కాలంలో కుటుంబాలు పనికోసం ఊరు విడిచిపోతే పిల్లల చదువు మధ్యలో ఆగుతుంది.

ఇక భాష. గోర్‌బోలీ రాజస్థానీకి దగ్గరి ఇండో-ఆర్య భాష. గ్రియర్సన్ తన భాషా సర్వేక్షణ 9వ సంపుటిలో దానిని 'బంజారీ లేదా లభానీ' అని ప్రత్యేకంగా వర్ణించాడు. స్వతంత్ర భారత జనగణన ఆపాటి గుర్తింపునైనా నిలుపలేదు. 2011 భాషా పట్టికలో 'లమాణీ/లంబాడీ' మాతృభాషగా చెప్పినవారు 32 లక్షలకు పైబడి ఉన్నా, వారంతా హిందీ శీర్షిక కిందికే చేరారు. వీరిని తెగగా ఒక పట్టిక పెంచి చూపుతుండగా, భాషాసమాజంగా మరొకటి మరుగుపరుస్తున్నది.

దీని ఫలితం బడిలో కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఎంచుకున్న 8 గిరిజన భాషలలో బంజారా ఒకటి. తెలుగు లిపిలోనే వాచకాలు వచ్చాయి. ఆ వాచకాలు అందని తండాలో బిడ్డకు తొలిరోజు వినిపించే బడిభాష తెలుగు. జనగణన ఆ బిడ్డ మాతృభాషగా లెక్కగట్టే హిందీ ఆమెకు ఆ తరువాత, పరభాషగా, పాఠ్యపుస్తకంలో ఎదురవుతుంది.