ప్రేగులో పుట్టిన ఔషధము

మధుమేహమునకును స్థౌల్యమునకును నేడు విరివిగా వాడుచున్న సూదిమందుల చరిత్ర ప్రేగులలోనే మొదలైనదని శ్రోతలలో పెక్కుమంది ఎఱుగకపోవచ్చును. ఆ మందులు ప్రేగుల శోథవ్యాధి గలవారికి మేలు చేయునా, కీడు చేయునా యని ఇప్పుడు వైద్యలోకము విచారించుచున్నది. ఈ ప్రశ్నకు మూలము తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

1902లో లండనులో బేలిస్, స్టార్లింగు అను శాస్త్రజ్ఞులు ఒక కుక్క చిన్నప్రేగులో కొంతభాగమునకు నరముల సంబంధము తెంచి, అందు ఆమ్లమును పోసిరి. అయినను క్లోమము రసమును స్రవించెను. ప్రేగు రక్తము ద్వారా కబురు పంపగలదని తేలినది. అట్టి వార్తాహరులకు 1905లో స్టార్లింగు హార్మోనులను పేరిడెను.

1932లో బెల్జియమునకు చెందిన లా బార్, రక్తములోని చక్కెరను తగ్గించు ప్రేగు హార్మోనుకు ఇన్‌క్రెటిన్ అని నామకరణము చేసెను. ఆ యేడే న్యూయార్కులో క్రోన్, గింజ్‌బర్గు, ఒప్పెన్‌హైమరు అను వైద్యులు చిన్నప్రేగు తుదిభాగము వాచి, పుండ్లు పడి, ఇఱుకగు వ్యాధిని వర్ణించిరి. అదియే నేటి క్రోన్ వ్యాధి. జీఎల్‌పీ-1 అను ఇన్‌క్రెటిన్‌ను స్రవించు కణములు ఆ తుదిభాగముననే దట్టముగా నుండుట గమనింపదగినది.

ఈ హార్మోను కొద్ది నిమిషములలోనే నశించును. 1992లో జాన్ ఎంగ్, అమెరికా ఎడారులలోని గిలా అను ఉడుమువంటి విషజంతువు విషములో దానిని పోలి, చిరకాలము నిలుచు పదార్థమును కనుగొనెను. దాని ఫలమగు ఎక్సెనటైడు 2005లో మధుమేహమునకై అమెరికాలో అనుమతి పొందెను. అదే జాతికి చెందిన సెమాగ్లూటైడు 2017లో మధుమేహమునకును, 2021లో బరువు తగ్గించుటకును అనుమతింపబడెను.

జంతువులపై జరిపిన ప్రయోగములలో ఇట్టి మందులు ప్రేగువాపును తగ్గించినవి. మధుమేహముతోపాటు శోథవ్యాధియు గల డెన్మార్కు రోగుల లెక్కలు 2021లో వెలువడెను. ఇతర మధుమేహ ఔషధములు వాడినవారికన్న జీఎల్‌పీ-1 ఆధారముగా పనిచేయు మందులు వాడినవారికి స్టెరాయిడ్లు, ఆసుపత్రివాసము, శస్త్రచికిత్స మున్నగువాని యవసరము మొత్తముమీద తక్కువగా కనబడెను. కాని లెక్కలలోని సంబంధము కారణమునకు నిదర్శనము కాదు. బేలిస్, స్టార్లింగులు నరములను తెంచి చూచిన పిమ్మటనే గదా సందేహము తీరినది! రోగులను రెండు వర్గములుగా విభజించి పోల్చుపరీక్షయే ఇచ్చట ఆ పని చేయవలెను.

అంతవరకు జాగ్రత్త అవసరము. ఈ మందులవలన వికారము, విరేచనములు, మలబద్ధము కలుగవచ్చును. వానిని వ్యాధి తిరుగబెట్టుటగా పొరబడవచ్చును. జీర్ణాశయము నెమ్మదిగా ఖాళీయగును, ఆకలి తగ్గును. వ్యాధిచే ఇదివరకే చిక్కిపోయినవారికిని, ప్రేగు ఇఱుకైనవారికిని ఈ సంగతి చిన్నది కాదు. ప్రేగులో పుట్టినదే యైనను, ప్రతి ప్రేగునకును హితమని పరీక్షింపకయే నమ్మరాదు.