నిరోధం వెనుక ఆవేశ వాహకాలు: ఒక చారిత్రక పరిశీలన

రాగి తీగను వేడి చేస్తే దాని నిరోధం పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఈ పెరుగుదల డిగ్రీకి సుమారు 0.4 శాతం. కానీ 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడ్‌ను వేడి చేసినప్పుడు దాని నిరోధం తగ్గడం గమనించాడు. ఈ తేడాకు కారణం చెప్పడానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

ముందుగా పరిభాష గురించి ఒక మాట. కరెంటు ప్రవహించే పదార్థాన్ని 'వాహకం' అనీ, అందులో కదిలే కణాలను 'ఆవేశ వాహకాలు' అనీ అంటాం. పేర్లు దగ్గరగా ఉన్నా అర్థాలు వేరు.

1827లో ఓమ్ ప్రకటించిన నియమానికి ఈ కణాలతో పని లేదు. తీగలో కదిలేది ఏమిటో తెలియకపోయినా నిరోధాన్ని కొలవవచ్చు. అయితే నిరోధం ఎక్కువగా ఉందంటే ఆవేశ వాహకాలు తక్కువగా ఉన్నాయా, లేక ఎక్కువే ఉన్నా వాటి దారికి అడ్డంకులు ఉన్నాయా? ఓమ్ నియమం ఒక్కదానితో ఈ రెండింటినీ విడదీయలేం.

ఆ దారి తెరిచినవాడు ఎడ్విన్ హాల్. 1879లో అతను అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో రౌలండ్ దగ్గర పరిశోధక విద్యార్థి. 24 ఏళ్లు కూడా నిండలేదు. అయస్కాంత బలం పనిచేసేది తీగ మీదనేగాని అందులోని ప్రవాహం మీద కాదని మాక్స్‌వెల్ తన గ్రంథంలో రాసిన మాట హాల్‌కు రుచించలేదు. అయస్కాంతం ప్రవాహాన్ని తీగలో ఒక పక్కకు నెడితే, దానికి దొరికే వైశాల్యం తగ్గి నిరోధం పెరగాలి. హాల్ మొదట ఆ మార్పు కోసమే వెతికాడు, దొరకలేదు. తర్వాత గాజు పలక మీద అతికించిన పలుచని బంగారు రేకులో కరెంటు పంపి, రేకు రెండు అంచులకూ గాల్వనోమీటర్‌ను కలిపాడు. అయస్కాంత క్షేత్రం పెట్టగానే ముల్లు కదిలి, అలాగే నిలిచింది. రేకు ఎంత పలుచనైతే ఈ అడ్డు వోల్టేజి అంత ఎక్కువ. దళసరి పట్టీతో ప్రయత్నించి ఉంటే బహుశా ఏమీ కనిపించేది కాదు. ఇది అక్టోబరులో జరిగింది. నవంబరు 5న మాక్స్‌వెల్ మరణించాడు.

ఎలక్ట్రాన్ ఉనికి తెలియడానికి 18 ఏళ్ల ముందే ఈ ప్రయోగం జరిగిందని గుర్తుంచుకోండి. పాఠ్యపుస్తకాలు దీన్ని చివరి అధ్యాయంలో అనుబంధంలా పెడతాయి. నా దృష్టిలో నిరోధం పాఠం దీనితోనే మొదలవ్వాలి. ఎందుకంటే హాల్ వోల్టేజి ప్రధానంగా ఆవేశ వాహకాల సంఖ్యా సాంద్రత మీద ఆధారపడుతుంది. సాంద్రత తక్కువైతే వోల్టేజి ఎక్కువ. అందువల్ల నిరోధాన్నీ హాల్ వోల్టేజినీ కలిపి కొలిస్తే సంఖ్య వేరుగా, కదలికలోని సులువు వేరుగా తెలుస్తాయి.

1900లో జర్మనీలో పాల్ డ్రూడే ఈ రెండింటినీ ఒకే సమీకరణంలోకి తెచ్చాడు. విశిష్ట నిరోధం ఆవేశ వాహకాల సాంద్రతకూ, రెండు అభిఘాతాల మధ్య సగటు కాలానికీ విలోమానుపాతంలో ఉంటుంది. రాగిలో ఘనపు మీటరుకు సుమారు 8.5 × 10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉన్నాయి. 1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం గల తీగలో 1 ఆంపియరు ప్రవహిస్తున్నప్పుడు వాటి అపసర వేగం సెకనుకు 0.07 మిల్లీమీటరు మాత్రమే. నత్త కూడా ఇంతకంటే వేగంగా పోతుంది!

డ్రూడే చిత్రంలో లోపాలున్నాయి. అన్ని ఎలక్ట్రాన్లు వాయువులా తిరుగుతుంటే లోహాల విశిష్టోష్ణం కొలిచినదానికంటే బాగా ఎక్కువ ఉండాలి. 1927లో సోమర్‌ఫెల్డ్ క్వాంటం గణాంకాలతో ఈ చిక్కు విప్పాడు. మరుసటి ఏడు ఫెలిక్స్ బ్లాక్ ఇంకో ఆశ్చర్యం చూపించాడు: అయాన్లు పూర్తి క్రమంలో ఉంటే ఎలక్ట్రాన్ తరంగం వాటి మధ్య అడ్డు లేకుండా సాగిపోతుంది. నిరోధానికి కారణం ఆ క్రమం చెడటమే, అంటే మలినాలు, ఉష్ణ కంపనాలు. జింకు వంటి లోహాల్లో హాల్ వోల్టేజి ధనావేశాలు కదులుతున్నట్లు చూపడం అప్పటికీ మిగిలిన చిక్కు. దాదాపు నిండిన శక్తి పట్టీలో మిగిలిన ఖాళీలు ధనావేశాల్లా ప్రవర్తిస్తాయని 1929లో పైయెర్ల్స్ వివరించాడు. నేడు వాటినే రంధ్రాలు అంటాం.

ఇక మొదటి ప్రశ్న. సిల్వర్ సల్ఫైడ్‌లో వెండి అయాన్ల కదలిక కూడా కలుస్తుంది కనుక, స్పష్టత కోసం శుద్ధ సిలికాన్‌ను చూద్దాం. గది ఉష్ణోగ్రత వద్ద అందులో ఎలక్ట్రాన్లు ఘనపు మీటరుకు సుమారు 10¹⁶ మాత్రమే, రంధ్రాలూ అన్నే. వేడి చేస్తే రాగిలోనూ సిలికాన్‌లోనూ అభిఘాతాలు పెరుగుతాయి. రాగిలో ఎలక్ట్రాన్ల సంఖ్య మారదు, కాబట్టి నిరోధం పెరుగుతుంది. సిలికాన్‌లో బంధాలు తెగి ఆవేశ వాహకాల సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదల ముందు అభిఘాతాల ప్రభావం నిలవదు. వేడి చేయకుండానే ఆ సంఖ్యను పెంచే మార్గమూ ఉంది: పది లక్షల సిలికాన్ పరమాణువులకు ఒక ఫాస్ఫరస్ పరమాణువును చేర్చితే చాలు, నిరోధం లక్షల రెట్లు పడిపోతుంది. ఫాస్ఫరస్‌కు బదులు బోరాన్ వేస్తే నిరోధం అప్పుడూ పడిపోతుంది, కానీ హాల్ వోల్టేజి గుర్తు మారుతుంది.